డైసు ఆగకముందే అందుకునే మరిది

నల్లగొండ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, పేట బయటపెట్టవద్దని కోరారు. ఆమె వయసు 29. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతారు. పద్నాలుగు నెలల కింద తమ ఇంటి ముందరి గదిలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట మొదలుపెట్టారు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఐదుగురు కూర్చుంటారు: కథ నడిపించే గేమ్ మాస్టర్‌గా ఆమె, ఆటగాళ్లుగా ఆమె భర్త, 24 ఏళ్ల మరిది, కాలేజీలో తోటి లెక్చరరైన ఒక స్నేహితురాలు, మెడికల్ షాపు నడుపుకునే భర్త స్నేహితుడు. ఇంగ్లీషు నియమాలను ఆమె నోటుబుక్కులో తెలుగులో రాసిపెట్టుకున్నారు. కథను కూడా మన గడ్డమీదికే తెచ్చుకున్నారు. రాచకొండ గుట్టల మీద పాడుబడిన కోట ఉంటుంది, దాని కింద సొరంగం ఉంటుంది. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా కదలకుండా నిలిచే నీడ ఉంది కదా, అటువంటి నీడను కాపలా కాసే ఒక పూజారుల తెగ ఉంటుంది. ఈ భాగం చదువుతుంటే నాకే ఆ గదిలో ఒక కుర్చీ వేసుకుని కూర్చోవాలనిపించింది.

కష్టం మరిదితో వచ్చింది. అతను గ్రూప్స్‌కు చదువుతున్నాడు, రెండుసార్లు రాశాడు, అందలేదు. ఆటలో అతనిది దొంగ పాత్ర. ముదురు నీలం రంగు ఇరవై ముఖాల డైసు, దాని మీద నల్లని అంకెలు, ఎదుటివాళ్లకు కనబడవు. దాన్ని తన ఛాతీకి దగ్గరగా వేస్తాడు, పూర్తిగా ఆగకముందే అరచేత్తో మూసి అందుకుంటాడు, "వదినా, పంతొమ్మిది పడ్డది" అంటాడు. దెబ్బల లెక్క కూడా నిలవదు. ఒక ఆదివారం అతనికి 41 హిట్ పాయింట్లు, అంటే పాత్రకు మిగిలిన ప్రాణబలం, ఉండగా ముందు 12, తర్వాత 9 పోయాయి. ఇరవై మిగలాలి, అతను 27 అన్నాడు. ఇటువంటివి మూడు జరిగాయి, మూడూ అతనికి లాభంగానే తప్పాయి. మధ్యలో రెండు నెలలు ఆమె అచ్చయిన ఒక కథను కొని ఆడించారు. అప్పుడు అతను మూడు గదులు దాటి నేరుగా ఒక పొయ్యి దగ్గరికి నడిచి, "నేను ఈ ఎడమ దిక్కు రాయెనక దేవులాడుత" అన్నాడు. పుస్తకంలో నగలపెట్టె అక్కడే ఉంది.

ఆమె నాలుగు ఆదివారాలు చాటుగా లెక్క రాశారు. అతను 64 సార్లు వేస్తే 20 పదకొండుసార్లు పడింది, అయిదుకన్నా తక్కువ రెండేసార్లు పడింది. తర్వాతి వారం ఆమె అతను చదివి ఉంటాడనుకున్న చోటే విషపు ఉచ్చు పెట్టారు. అతని పాత్ర చావు అంచుకు పోయింది, అందరూ నవ్వారు, ఆ రాత్రి అతను అన్నం తినలేదు. ఇప్పుడు మెడికల్ షాపు మిత్రుడు వచ్చే నెల నుంచి రానంటున్నాడు. "నా క్యారెక్టర్ నిజంగ సచ్చింది, అతనిది మాత్రం చావదా?" అన్నాడట. భర్తకు అంతా తెలుసు, ఏమీ అనడు. మరిది లేకుండా నలుగురితో ఒక వాట్సాప్ గ్రూపు కూడా తయారైంది. ఉత్తరం చివర, వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగి చెప్పినట్టు, ఆమె ఇంకో సంగతి రాశారు: గేమ్ మాస్టర్ తన ముందు నిలబెట్టుకునే తెర చాటున తాను కూడా మూడుసార్లు అంకె మార్చానని, అందులో ఒకసారి స్నేహితురాలి పాత్రను చావు నుంచి తప్పించడానికని. నేను పొరబడుతున్నానా, అందరి ముందు అడగాలా, అతన్ని ఆపాలా, లేక ఆటే ఆపాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

*

ముందుగా మీకు కాక ఈ ఆట తెలియని మిగతా పాఠకులకు రెండు మాటలు. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో అచ్చు వేసిన ఆట ఇది. బల్ల మీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధపు ఆటల నుంచి పుట్టింది, కానీ వాటికి భిన్నంగా ఇందులో గెలిచేవారు ఉండరు. ఒకరు కథను నడిపిస్తారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని తాము ఏం చేస్తామో నోటితో చెబుతారు. ఆ పని నెరవేరిందో లేదో ఇరవై ముఖాల డైసు తేలుస్తుంది, పెద్ద అంకె పడితే మేలు. పచ్చీసులో తొండి చేసినవాడు కాయను పండిస్తాడు, పేకాటలో తొండి చేసినవాడు డబ్బు పట్టుకుపోతాడు. ఇక్కడ తొండి చేసినవాడికి చేతికి వచ్చేది ఏమీ కనబడదు. మీ ఉత్తరంలో మీరు అన్నింటికన్నా ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న కూడా ఇదే: "గెలుపే లేని ఆటలో ఎందుకు?"

దాని దగ్గరికి వస్తాను. ముందు మీ మొదటి ప్రశ్న తేలాలి, ఎందుకంటే మీరు అనుకుంటున్నంత గట్టి సాక్ష్యం మీ నోటుబుక్కులో లేదు.

మామూలుగా 64 సార్లు వేస్తే 20 సుమారు మూడుసార్లు పడాలి. ఒకటి నుంచి నాలుగు వరకు అంకెలు పన్నెండు, పదమూడు సార్లు పడాలి. ఆ లెక్కన చూస్తే పదకొండు ఇరవైలు పడటం వెయ్యి ప్రయత్నాల్లో ఒక్కసారి కూడా జరిగే పని కాదు. అయితే అతనిది దొంగ పాత్ర. దొంగ చీకట్లో దాక్కుని దెబ్బ కొడితే ఈ ఆట అతనికి అడ్వాంటేజ్ ఇస్తుంది, అంటే రెండు డైసులు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. అప్పుడు 20 వచ్చే అవకాశం నూటికి అయిదు నుంచి దాదాపు పదికి పెరుగుతుంది, అయిదుకన్నా తక్కువ వచ్చే అవకాశం నూటికి ఇరవై నుంచి నాలుగుకు పడిపోతుంది. ఆ 64లో అన్నీ అడ్వాంటేజ్‌తో వేసినవే అయితే ఆరు ఇరవైలు, రెండో మూడో చిన్న అంకెలు రావడమే సహజం. పదకొండు రావడం అదృష్టమే కానీ అసంభవం కాదు. సగం మాత్రమే అటువంటివైతే అనుమానం మళ్లీ బలపడుతుంది. మీరు ఏది ఎలా వేశాడో విడిగా రాయలేదు. కాబట్టి ఆ పేజీని ఎవరికీ చూపవద్దు. చూపితే అతను ఆ ఒక్క లోపాన్ని పట్టుకుంటాడు, అతని మాట నిజం కూడా అవుతుంది. అంతకన్నా ముఖ్యం, నెల రోజుల పాటు తన ఇంట్లో తన వదిన తన ప్రతి డైసునూ చాటుగా రాసుకుందన్న సంగతి తెలిస్తే, తప్పు చేసినవాడికైనా చేయనివాడికైనా ఆ బల్ల దగ్గర మళ్లీ కూర్చోబుద్ధి కాదు.

డైసులోనే దోషం ఉందేమోనని కూడా మీరు అడిగారు. ఉప్పు బాగా కలిపిన నీళ్లలో ప్లాస్టిక్ డైసును తేలనిచ్చి, వేలితో తిప్పితే ఎప్పుడూ ఒకే ముఖం పైకి వస్తోందా అని చూసే పద్ధతి ఒకటుంది. లోపల గాలిబుడగ ఉన్నవి అలా బయటపడతాయి. సరదాగా చేసుకోవచ్చు కానీ, అరచేయి మూసి అందుకునే డైసు విషయంలో ఆ పరీక్ష దేనికీ పనికిరాదు.

దెబ్బల లెక్క వేరు. కూడికల్లో, తీసివేతల్లో పొరపాటు చేసేవాడు ఒకసారి తనకు లాభంగా, ఇంకోసారి నష్టంగా పొరబడతాడు. మూడుసార్లూ ఒకే వైపు ఒరిగిన పొరపాటును పొరపాటు అనడం కష్టం. ఆ పొయ్యి దగ్గరి రాయి సంగతి అంతకన్నా స్పష్టం. కాబట్టి మీరు పూర్తిగా పొరబడలేదు. అతను తొండి చేస్తున్నాడు. ఎంత చేస్తున్నాడో మాత్రం మీకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు.

ఇక మీరు చివర రాసిన సంగతి. మీరు దాన్ని చిన్న విషయంగా రాశారు. నాకు ఉత్తరం మొత్తం దాని చుట్టూ తిరుగుతున్నట్టు అనిపించింది.

ఈ ఆటలో గేమ్ మాస్టర్ తెర చాటున వేసిన అంకెను మార్చుకోవచ్చన్నది కొత్త వాదన కాదు. 2014లో వచ్చిన ఐదో కూర్పు మార్గదర్శిలోనే తెర వల్ల ఆ వీలు ఉంటుందని రాశారు. కనుక మీరు నియమం తప్పారని ఎవరూ అనలేరు. అయితే మీ బల్ల దగ్గర ఏం జరిగిందో తేదీల వరుసలో చూడండి. నాలుగో నెలలో మీ స్నేహితురాలి పాత్ర చావాల్సి ఉండగా మీరు అంకె మార్చి బతికించారు. తొమ్మిదో నెలలో మెడికల్ షాపు మిత్రుడి పాత్ర సొరంగం దగ్గర చచ్చిపోతే, డైసు చెప్పినట్టే పోనిచ్చారు. ఆయన బాధపడినా దాన్ని మనసులో పెట్టుకోకుండా కొత్త పాత్ర రాసుకొచ్చి కూర్చున్నారు. ఆ రోజు ఆయన చూపిన మర్యాద, ఇక్కడ డైసు అందరికీ ఒకటే అన్న నమ్మకం మీద నిలబడింది. ఆయన ఇప్పుడు మరిది మీద కోపంగా ఉన్నారు. నాలుగో నెల సంగతి తెలిస్తే ఆ కోపం ఎటు తిరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇంకొక్కటి. మీ మరిది ఎప్పుడూ మీ కుడి పక్కనే కూర్చుంటాడని రెండో పేజీలో రాశారు, వేరే సందర్భంలో. మూడు మడతల అట్ట తెర ఎదుటివాళ్లను ఆపుతుంది, పక్కవాణ్ని ఆపదు. మీరు వేసిన అంకె ఒకటి, పలికిన అంకె ఇంకొకటి కావడం అతను చూసి ఉండవచ్చు. చూశాడని నేను అనను. కానీ చూసి ఉంటే, అతని దృష్టిలో ఈ బల్ల మీద అంకె మార్చడం అసలు తప్పే కాదు, వదిన అందరి మేలు కోసం చేస్తుంది, తానూ తన పాత్ర మేలు కోసం చేసుకుంటున్నాడు. మీరు ఇతరుల కోసం మార్చారు, అతను తన కోసం మార్చుకున్నాడు అన్న తేడా ఉంది, నేను దాన్ని కొట్టిపారేయడం లేదు. కాకపోతే ఆ తేడా అతనికి ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

గెలుపే లేని ఆటలో తొండి ఎందుకన్న ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. ఆ గదిలో నలుగురి ముందు వరుసగా మూడుసార్లు "పట్టు తప్పింది, జారిపోయావు, దొరికిపోయావు" అనిపించుకోవడం కొందరికి నవ్వులాట, కొందరికి నరకం. అతని పాత్ర దొంగ. దొంగ అన్నవాడు తాళం తీయలేకపోతే ఇక ఆ పాత్రకు మిగిలేది ఏమిటి అన్న భయం చాలామంది ఆటగాళ్లకు ఉంటుంది. దీని వెనక పోటీ పరీక్షల దిగులు ఉందని మీరు రాశారు. ఉండవచ్చు. అయినా అతనితో మాట్లాడేటప్పుడు దయచేసి ఆ ప్రస్తావన తేవద్దు. ఆటలో ఏడు పడితే తట్టుకోలేకపోతున్నావు, పరీక్ష పోయింది కాబట్టి అన్న మాట ఎంత మెత్తగా చెప్పినా పుండు మీద కారమే. పైగా అది అతని తప్పుకు మీరే ఒక సాకు అందించినట్టు అవుతుంది, జాలిపడి వదిలేయడానికి మీకూ ఒక దారి దొరుకుతుంది. జాలి వల్ల ఇప్పటికే పద్నాలుగు నెలలు గడిచాయి.

ఆ విషపు ఉచ్చు సంగతి కూడా ప్రస్తావించకుండా వదలలేను. అది మీరు చేయకుండా ఉండాల్సింది. పుస్తకం చదివి వచ్చినవాడికి పుస్తకం మారిందని చూపించడం వరకు న్యాయమే. కానీ మీరు దాన్ని నోటితో చెప్పకుండా కథ చేత కొట్టించారు, మిగతా ముగ్గురికీ ఎందుకో తెలుసు, అతనికి మాత్రం తెలియనట్టు అందరూ నటించారు. బల్ల మీద జరిగే శిక్ష బల్ల మీది తప్పును ఎప్పుడూ సరిచేయదు, ఆటగాడు ఇంకాస్త జాగ్రత్తగా తొండి చేయడం నేర్చుకుంటాడు. ఆ నలుగురి వాట్సాప్ గ్రూపు కూడా అటువంటిదే. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే వైఫై వాడుతూ, ఒకరి ఫోను ఇంకొకరు చార్జింగ్ పెట్టుకునే చోట ఆ గ్రూపు ఎన్నాళ్లు దాగుతుంది? ఈ ఉత్తరం చదివిన రోజే దాన్ని తీసేయండి.

మీ ముందున్న దారులు చూద్దాం.

ఎవరినీ ఏమీ అనకుండా ఆడే పద్ధతినే మార్చడం ఒకటి. చిన్నప్పుడు పాలమూరు దగ్గరి మా అమ్మమ్మ ఊళ్లో అష్టాచెమ్మా ఆడేవాళ్లం. నాలుగు గవ్వలు వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. మా అమ్మమ్మ గవ్వలను విసిరేది కాదు, అరచేతిలో వరుసగా అమర్చుకుని నేల మీదికి జార్చేది, చెమ్మా మీద చెమ్మా పడేది. ఆమెను తొండి అనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. అప్పుడు మా పెద్దమ్మ ఒక ఇత్తడి చెంబు తెచ్చి, "గవ్వలు ఇందుల ఏసి ఊపి ఎయ్యాలె, ఎవలైనా సరే" అంది. అమ్మమ్మ నొసలు చిట్లించింది, చెంబు తీసుకుంది, ఆ రోజు ఓడిపోయింది కూడా. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

మీ ఇంట్లో ఒక స్టీలు తాంబాళం తీసుకుని, చప్పుడు రాకుండా అడుగున తువాల పరిచి, బల్ల నడుమ పెట్టండి. ప్రతి డైసూ అందులోనే పడాలి, అంచు దాటితే మళ్లీ వేయాలి, అంకెను వేసినవారు కాక ఎడమ పక్కవారు చదవాలి. తెల్లని డైసు మీద పెద్ద నల్లని అంకెలున్నవి ఒక్క జత చాలు, అందరూ అవే వాడాలి. దెబ్బల లెక్కకు కాగితం తీసేసి చింతగింజలు పెట్టండి: 41 హిట్ పాయింట్లు ఉన్నవారి గిన్నెలో 41 గింజలు, 12 దెబ్బ తగిలితే పన్నెండు గింజలు తాంబాళం పక్కకు. బాణాలకు అగ్గిపుల్లలు. ఇది పిల్లలాటలా కనబడినా, గిన్నెలో నాలుగే గింజలు మిగిలినప్పుడు బల్ల చుట్టూ వచ్చే నిశ్శబ్దం కాగితం మీది అంకెతో రాదు.

ఈ పద్ధతిలో మేలు ఏమిటంటే ఎవరి పరువూ పోదు. లోపం ఏమిటంటే ఇది ఎవరి కోసం వచ్చిందో అతనికి మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. తెలిసీ మౌనంగా ఒప్పుకుంటే సమస్య చాలావరకు అక్కడితో సరి. "ఏంది వదినా, నమ్మకం లేదా?" అని అంటే మాత్రం మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి. ఆ జవాబు మీ తెర మీద ఆధారపడి ఉంటుంది. తాంబాళం ఆటగాళ్లకు, తెర మీకు అన్న ఏర్పాటు నిలబడదు. మీ డైసులూ ఆ తాంబాళంలోనే పడాలి. దానికి మీరు చెల్లించే ధర తక్కువేమీ కాదు: ఇక మీదట ఒక దెయ్యానికి 20 పడితే స్నేహితురాలి పాత్ర అయినా, మీ భర్త పాత్ర అయినా చస్తుంది, మీరు ఆపలేరు. అది ఇష్టం లేకపోతే, చచ్చే పాత్రను కాపాడే వీలును బాహాటంగా నియమంగా పెట్టండి. ఉదాహరణకు కథ మొత్తంలో ఒక్కొక్కరికి ఒక్కసారి చావు తప్పించుకునే అవకాశం. దానికి గుర్తుగా ఒక ఎర్రరంగు గింజ ఇవ్వండి, వాడితే అందరూ చూస్తారు. మెడికల్ షాపు మిత్రుడికి కూడా అది ఒకటి దక్కాలి, వీలైతే ముందుగా.

విడిగా కూర్చుని అతనితో మాట్లాడటం ఇంకో దారి. నాకు ఇదే మేలనిపిస్తుంది, తాంబాళానికి బదులుగా కాదు, దానికి ఒకటి రెండు రోజుల ముందు. మీరు గేమ్ మాస్టర్ మాత్రమే అయితే ఇది సులువు. మీరు వదిన కూడా. మీ మాట వంటింట్లోకి, అక్కడి నుంచి అత్తగారి చెవికి చేరితే "పిల్లగాడు ఆటల అబద్ధమాడిండని పంచాయితీనా" అన్న మాట రావచ్చు. అందుకే భోజనాల దగ్గర వద్దు, ఆదివారం వద్దు, భర్త సమక్షంలో వద్దు. బండి మీద ఎటో వెళ్లివచ్చేటప్పుడో, డాబా మీద బట్టలు తీసేటప్పుడో, ఎదురెదురుగా కళ్లలోకి చూసుకోవాల్సిన పని లేని చోట మొదలుపెట్టండి. మీ మాట మీ తప్పుతో మొదలు కావాలి. ఇలా అనవచ్చు: "నేను తెర ఎనక మూడుసార్లు అంకె మార్చిన. అది మంచిగ లేదని ఇప్పుడు సమజైంది. నీ దెబ్బల లెక్క గూడ మూడుసార్లు తప్పింది, డైసు మాకెవ్వలకు కనపడుతలేదు. ఇప్పటిసంది అందరం తాంబాళంలనే ఏద్దాం. ఆటల నీకు ఏమన్న ఇబ్బందైతుందా?" అంతే. "తొండి" అన్న మాట వద్దు, "ఎందుకు చేశావు" అన్న ప్రశ్న వద్దు. ఆ ప్రశ్నకు అతను అబద్ధమే చెప్పగలడు, చెప్పాక ఆ అబద్ధాన్ని కాపాడుకోవడం అతనికి ఒక పని అవుతుంది.

అతను ఒప్పుకుంటే అక్కడితో ఆపండి, క్షమాపణలు చెప్పించవద్దు. కాదంటే వాదించవద్దు, తాంబాళం ఎలాగూ వస్తోంది. అలిగి రానంటే ఒకటి రెండు ఆదివారాలు రాకపోనివ్వండి, అతని పాత్రను చంపకుండా కథలో ఎక్కడో కాపలాకు పెట్టి, చాయ్ మాత్రం గదిలోకి పంపించండి.

మీ భర్త చేత చెప్పించడం గురించి అడిగారు. వద్దంటాను. అన్న చెబితే అది ఆట మాట కాకుండా పోతుంది, చదువు, ఖర్చు, పొద్దున లేవకపోవడం వరకు పోతుంది. ఆ వాకిలి ఒకసారి తెరుచుకుంటే మీరు మూయలేరు. ఆయన చేయగలిగిన పని ఒకటుంది: కొత్త పద్ధతి మొదలైన రోజు తాంబాళంలో తన డైసు తానే ముందుగా వేయడం. ఇన్నాళ్లూ తెలిసీ ఊరకున్నందుకు ఆ మాత్రం చేయవచ్చు.

కథనే కాస్త మార్చడం కూడా ఆలోచించదగిందే. మీరు ఆడించే ఆటలో చిన్న అంకె పడితే మిగిలేది నష్టమే. అన్ని ఆటలూ అలా ఉండవు. డంజియన్ వరల్డ్ అనే ఆటలో రెండు ఆరు ముఖాల డైసులు వేస్తారు, మొత్తం ఆరో అంతకన్నా తక్కువో వస్తే పని చెడుతుంది కానీ ఆటగాడు అనుభవం గుర్తు ఒకటి వేసుకుంటాడు. చెడిన ప్రతి పనీ పాత్రను పెంచుతుంది. మీరు ఆట మార్చనక్కరలేదు, ఆ ఒక్క నియమాన్ని అరువు తెచ్చుకోవచ్చు. దానితో పాటు, చిన్న అంకె పడినప్పుడు మీరు చెప్పే మాట కూడా మారాలి. "తాళం రాలేదు" అని ఊరకుంటే అది అతని చేతకానితనం. "తాళం వచ్చింది, కానీ లోపల ఎవరో దీపం ఆర్పిన చప్పుడైంది" అంటే అది కథ. ఏడు పడినా తన వంతుకు ఏదో జరుగుతుందని నమ్మినవాడికి ఏడును పంతొమ్మిది చేసుకోవాల్సిన అగత్యం తగ్గుతుంది. పోతుందని హామీ ఇవ్వలేను.

అతని చేతికే గేమ్ మాస్టర్ కుర్చీ ఇవ్వడం గురించి మీ స్నేహితురాలు సలహా ఇచ్చారట. నాకు సగమే నచ్చింది. పుస్తకం ముందే చదివి వచ్చేంత ఆసక్తి ఉన్నవాడు మంచి గేమ్ మాస్టర్ కావచ్చు. తాను అల్లిన చిక్కును ఎవరో తొండితో దాటేస్తే ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది. కానీ ఈ గొడవ నడుమ ఇస్తే అది శిక్షో బహుమానమో ఎవరికీ అర్థం కాదు. తాంబాళం అలవాటయ్యాక, రెండు మూడు నెలల తర్వాత చూడండి.

అతన్ని ఆట నుంచి తీసేయడం చివరి దారి. ఊరికి దూరంగా ఎవరి ఇంట్లోనో ఆడుకునే గుంపుకైతే నేను దాన్ని ఇంత చివర పెట్టేవాణ్ని కాదు. చెప్పినా మారని వ్యక్తిని పొమ్మనడం తప్పేమీ కాదు. మీ విషయంలో అతను పోయేది పక్క గదిలోకే. ప్రతి ఆదివారం మూడు నుంచి ఏడు దాకా గోడకు ఇవతల నవ్వులు, గోడకు అవతల అతను, పుస్తకం ముందేసుకుని. అది నెల తిరగకుండా మీ ఆటను, ఆ తర్వాత ఇంట్లో మాటలను తినేస్తుంది. నిజంగా ఆ స్థితి వస్తే, అతన్ని తీసేయకుండా ఈ కథనే ముగించి రెండు నెలలు విరామం ఇవ్వండి, తర్వాత మెడికల్ షాపు మిత్రుడి ఇంట్లో కొత్త కథ మొదలుపెట్టండి. కొత్త బల్లకు ఎవరిని పిలవాలన్నది అప్పుడు ఆ ఇంటివాళ్ల ఇష్టం కూడా అవుతుంది.

ఆ మిత్రుడి విషయం ఆలస్యం చేయవద్దు, మరిదితో మాట్లాడిన రోజే ఆయనతోనూ మాట్లాడండి. మరిది గురించి ఒక్క మాట కూడా అనకుండా, నాలుగో నెలలో మీరు ఏం చేశారో, తొమ్మిదో నెలలో ఎందుకు చేయలేదో చెప్పండి. ఆయనకు కోపం రావచ్చు. రానివ్వండి, కొత్త పద్ధతి కింద రెండు ఆదివారాలు ఆడి చూసి అప్పుడు నిర్ణయించుకొమ్మని అడగండి.

తెర తీసేస్తే నా నోట్సు పక్కవాళ్లకు కనబడతాయి కదా అని మీకు అనుమానం రావచ్చు. తెరను బల్ల మీద కాకుండా పక్కన ఒక స్టూలు మీద పెట్టి దాని వెనక నోటుబుక్కు మాత్రమే ఉంచుకోండి, డైసులు మాత్రం బల్ల నడుమనే. మీ కుడి పక్క కుర్చీలో మెడికల్ షాపు మిత్రుణ్ని కూర్చోబెట్టి, మరిదిని ఎదురుగా, తాంబాళం అందరికన్నా దగ్గరగా ఉండే చోట కూర్చోబెట్టండి. మీ ఎడమ పక్క మనిషి ఎవరైతే వారు మీ అంకెలు చదువుతారు.